మ్యూజియంలో మూడు శిల్పాలు, బడిలో అన్ని సబ్జెక్టులు

నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను సోషల్ చెబుతాను. మ్యూజియంలో చూసినదాన్ని తెలుగు నుంచి లెక్కల దాకా అన్ని పీరియడ్లలో ఎలా వాడుకోవాలని అడిగే తోటి టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యమైన మాట మొదటే చెప్పేస్తాను. పిల్లలకు మ్యూజియం మొత్తం చూపించకండి. మూడు వస్తువులు చూపించండి. ఒక్కోదాని ముందు ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి.

మామూలుగా మనం చేసేది వేరు. బస్సు దిగగానే లైను కట్టిస్తాం. "తాకొద్దు, మాట్లాడొద్దు, ముందుకు నడువు" అంటూ గంటలో అన్ని గదులూ తిప్పేస్తాం. మర్నాడు బడిలో ఏం చూశారని అడిగితే "బొమ్మలు చూసినం మేడం" అంటారు. అంతకు మించి చూడడానికి మనం వాళ్ళకు టైం ఇవ్వలేదు మరి. వంద వస్తువుల ముందు నుంచి గబగబా నడిపిస్తే పెద్దవాళ్ళకు కూడా ఏదీ గుర్తుండదు. అదే ఒక్క నంది ముందు కూర్చోబెట్టి చూడండి. వెనక బెంచీలో తల వంచుకుని కూర్చునే మా ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు పానగల్‌లో నంది మెడ వైపు చూస్తూ, "మేడం, మా ఎద్దుకు గూడ గిట్లనే మువ్వల పట్టెడ కడతం. దీన్ని చెక్కినాయనకు ఎడ్లు ఉండొచ్చు" అన్నాడు. అక్కడి నుంచి ఆ రోజు చర్చంతా వాడే నడిపించాడు.

ఎక్కడికి వెళ్ళాలి

ఎక్స్‌కర్షన్ అనగానే హైదరాబాద్ అనుకుంటాం. వెళ్ళగలిగితే మంచిదే. కానీ దక్షిణ తెలంగాణలో ఉన్న బడికి అంతకంటే దగ్గర్లోనే బోలెడంత ఉంది. నల్లగొండ పక్కనే పానగల్‌లో పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలో పురావస్తు మ్యూజియం ఉంది. గుడి గోడల మీద రామాయణ భారత కథలు, లోపల చెక్కిన స్తంభాలు, మ్యూజియంలో చుట్టుపక్కల నుంచి తెచ్చిన శిల్పాలు. కాస్త దూరంలో ఛాయా సోమేశ్వరాలయం. పానగల్ రాజధానిగా ఏలిన కుందూరు చోడుల నాటి కట్టడాలివి. పక్కనే ఉదయసముద్రం చెరువు. ఒక్క పూటలో ఇవన్నీ అయిపోతాయి, మధ్యాహ్నానికి బడికి వచ్చేయొచ్చు.

మహబూబ్‌నగర్ వైపు వాళ్ళకు పిల్లలమర్రి. చెట్టు పక్కనే మ్యూజియం ఉంది కాబట్టి జీవశాస్త్రం, చరిత్ర ఒక్క చోటే దొరుకుతాయి. గద్వాల, వనపర్తి వాళ్ళకు అలంపురం: బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు, ఆ ఆవరణలోనే మ్యూజియం. ఒక రోజంతా ఉండగలిగితే నా లెక్కలో మన ప్రాంతంలో దాన్ని మించిన చోటు లేదు. దేవరకొండ, మిర్యాలగూడ, హాలియా వాళ్ళకు నాగార్జునసాగర్ దగ్గర: బుద్ధవనం అనే బౌద్ధ పార్కు ఈ ఒడ్డున, లాంచీ ఎక్కితే నాగార్జునకొండ మ్యూజియం. సూర్యాపేట జిల్లా బడులకు ఫణిగిరి గుట్ట ఉంది. అక్కడ తవ్వకాల్లో బయటపడ్డ బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా ప్రదర్శనకు వెళ్ళాయి. ఈ మాట చెప్పి చూడండి, తిరుమలగిరి, నాగారం పిల్లలు ఎంత నిటారుగా కూర్చుంటారో.

ముందు మీరు వెళ్ళి రండి

పిల్లలకంటే ముందు టీచర్లు వెళ్ళాలి. కనీసం ఇద్దరు, వేర్వేరు సబ్జెక్టుల వాళ్ళు. నేను లెక్కల సార్‌ను వెంటబెట్టుకుని వెళ్తాను. నేను శాసనం దగ్గర ఆగితే ఆయన స్తంభం దగ్గర ఆగుతారు. నాకు ఒట్టి నగిషీగా కనిపించింది ఆయనకు పదహారు సమాన భాగాలుగా కనిపిస్తుంది. ఈ తేడానే మనకు కావాల్సింది.

వస్తువులను ఎంచుకునేటప్పుడు నేను చూసేవి ఇవి. దాని ముందు పదిహేను మంది కింద కూర్చోవడానికి చోటుండాలి. పిల్లల కంటి ఎత్తులో వివరాలు కనిపించాలి. చేతులు, ఆయుధాలు, నగలు, జంతువులు, బట్టల మడతలు ఉన్న శిల్పమైతే మాట్లాడుకోవడానికి బోలెడు దొరుకుతుంది. ముక్కు పోయిందనో చేయి విరిగిందనో ఏ శిల్పాన్నీ వదిలేయకండి. విరిగిన శిల్పం ముందే పిల్లలు ఎక్కువసేపు ఆగుతారు. ఆ పోయిన చేతిలో ఏముండేది? మిగిలిన మూడు చేతులను బట్టి చెప్పగలమా? ఈ ఒక్క ప్రశ్న మీద సైన్సు టీచరు ఆధారం అంటే ఏమిటో, ఊహ అంటే ఏమిటో, రెండింటికీ తేడా ఏమిటో చెప్పొచ్చు.

అలంపురం మ్యూజియంలో లజ్జాగౌరి అనే నగ్న దేవతా శిల్పం ఉంది. పెద్ద తరగతులను తీసుకెళ్ళేవాళ్ళు ముందే ఒక నిర్ణయానికి రండి. పిల్లలు చూస్తారు, గుసగుసలాడుకుంటారు. "సంతానం కోసం, పంటల కోసం పూర్వం కొలిచిన అమ్మవారు" అని మామూలు గొంతుతో రెండు వాక్యాలు చెప్పి ముందుకు సాగండి. మనం తడబడితేనే అది పెద్ద విషయమవుతుంది.

వెళ్ళొచ్చాక స్టాఫ్‌రూంలో ఒక అరగంట కూర్చోండి. ఎంచుకున్న మూడింటి ఫోటోలు అందరికీ చూపించి, ఒక్కో సబ్జెక్టు టీచరు ఒక్క ప్రశ్న చెప్పాలని అడగండి. ఒక్కటే. "మేడం, నా సిలబస్ ఎప్పుడు అయ్యేది?" అనే మాట తప్పకుండా వస్తుంది. ఆ ఇబ్బంది నిజమే, దాన్ని కొట్టిపారేయకండి. వచ్చే రెండు వారాల్లో ఆయన చెప్పబోయే పాఠం ఏమిటో కనుక్కుని, ఆ పాఠానికి పనికొచ్చే శిల్పం చూపించండి. సౌష్ఠవం చెప్పబోతున్న సార్‌కు స్తంభం, కాంతి చెప్పబోతున్న మేడంకు నీడ. ఉన్న పాఠానికే మంచి ఉదాహరణ దొరికినప్పుడు ఎవరూ వద్దనరు. జాతీయ విద్యావిధానం 2020 కూడా కళలను మిగతా సబ్జెక్టులతో కలిపి బోధించమనే చెబుతుంది. హెచ్‌ఎం గారిని ఒప్పించడానికి ఆ ముక్క దరఖాస్తులో రాయండి.

శిల్పం ముందు కూర్చున్నాక

మొదటి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, టీచరు కూడా. చూడడమే. రెండు నిమిషాలు పిల్లలకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, కాస్త అటూ ఇటూ కదులుతారు. కదలనివ్వండి.

తర్వాత మూడు ప్రశ్నలు. ఇక్కడ ఏం జరుగుతున్నది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏం కనిపిస్తున్నది? ఈ మూడు ప్రశ్నల పద్ధతిని తయారు చేసింది అమెరికాలో ఫిలిప్ యెనవైన్, అబిగెయిల్ హౌసెన్ అనే ఇద్దరు. యెనవైన్ న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడ్రన్ ఆర్ట్‌లో విద్యావిభాగం చూసేవారు. వాళ్ళు పెయింటింగుల కోసం తయారు చేసిన పద్ధతి మన రాతి శిల్పాలకూ బాగా సరిపోతుంది. మూడింటిలో రెండోదే ప్రాణం. "ఈమె కోపంగా ఉన్నది మేడం" అని ఒకమ్మాయి అంటే, "అవును" అనకండి, "కాదు" అనకండి. "ఏం చూసి అట్ల అనిపించింది?" అనండి. ఆ అమ్మాయి మళ్ళీ శిల్పం వైపు తిరుగుతుంది. కనుబొమ్మలు, ముందుకు వేసిన కాలు, శూలం పట్టిన తీరు చూసుకుని చెబుతుంది. ఇంకొకడు, "కోపం లేదు, మొఖం చల్లగనే ఉన్నది, కాలే కోపంగ ఉన్నది" అంటాడు. మహిషాసురమర్దిని శిల్పాలు చాలావాటిలో నిజంగానే అంత. ముఖం ప్రశాంతంగా ఉంటుంది, యుద్ధమంతా కాళ్ళలో చేతుల్లో ఉంటుంది. మనం చెప్పాలనుకున్నది వాళ్ళే చెప్పేశారు.

ఆ శిల్పం పేరు, రాజవంశం, శతాబ్దం మొదట్లోనే చెప్పకండి. పేరు వినగానే చూడడం ఆగిపోతుంది. ఇరవై నిమిషాల చివర చెప్పండి, లేదా బోర్డు వాళ్ళతోనే చదివించండి. మీకు తెలియనిది అడిగితే తెలియదని చెప్పి నోట్సులో రాయించండి. ఆ ప్రశ్నలే తర్వాత వారం పాఠాలవుతాయి.

మాట్లాడని పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. వాళ్ళ కోసం బొమ్మ వేయడం పెట్టుకోండి. మొత్తం శిల్పం వేయమంటే "నాకు రాదు మేడం" అంటారు. అందుకని ఒక్క భాగమే ఇవ్వండి: ఒకరికి చెవి కమ్మ, ఒకరికి పాదం, ఒకరికి చీర అంచు. అర పేజీ, పెన్సిలు, ఏడు నిమిషాలు. బాగా వచ్చిందా లేదా అన్న మాట ఎత్తకండి. వేసేటప్పుడు కన్ను ఎంతసేపు అక్కడ నిలుస్తుందన్నదే మనకు కావాలి. నేత కుటుంబం నుంచి వచ్చిన ఒకమ్మాయి అలా అంచు వేస్తూ, "ఇది మా అమ్మమ్మ గద్వాల చీర మీది కోటకొమ్మ అంచు లెక్కనే ఉన్నది" అని పక్కనున్న పిల్లకు చూపించింది. అంతకు ముందు ఆ అమ్మాయి గ్రూపులో నోరు తెరిచింది లేదు.

ఇవి గుళ్ళ దగ్గరి మ్యూజియంలు కాబట్టి ఒక జాగ్రత్త. మన తరగతిలో ముస్లిం పిల్లలు, క్రైస్తవ పిల్లలు ఉంటారు. మనం వెళ్తున్నది చదువు కోసమని ముందురోజే అందరికీ చెప్పండి. దండం పెట్టుకునేవాళ్ళు పెట్టుకుంటారు, పెట్టుకోని వాళ్ళను ఎవరూ ఏమీ అనకూడదు. సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తే అక్కడి ఖురాన్ రాతప్రతులు, నల్ల లోహంలో వెండి పొదిగే బిద్రీ పనితనం ముందు కూడా ఇదే ఇరవై నిమిషాలు ఇవ్వండి.

నీడ నుంచి భౌతికశాస్త్రం

ఛాయా సోమేశ్వరాలయం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే సైన్సు టీచరుకు ఇంతకంటే మంచి చోటు జిల్లాలో లేదు. మూడు గర్భగుళ్ళున్న గుడి. అందులో ఒకదానిలో శివలింగం మీదుగా స్తంభం లాంటి నీడ పడుతుంది. పొద్దున చూసినా, సాయంత్రం చూసినా ఆ నీడ అక్కడే ఉంటుంది. సూర్యుడు కదులుతాడు, నీడ కదలదు. ఊళ్ళో చాలామంది దేవుడి మహిమ అంటారు. దాన్ని ఖండించే పని పెట్టుకోకండి. నీడ గురించి పుస్తకంలో చదివింది పిల్లలను గుర్తు చేసుకోమనండి చాలు. వెలుతురు జరిగితే నీడ జరగాలి కదా? మరి ఇక్కడ?

గుడిలో ముందు పరిశీలించనివ్వండి. లింగానికి ఎదురుగా స్తంభం ఉందా? ఒక పిల్లవాడిని మండపంలో ఒక్కో స్తంభం ముందు నిలబెట్టి, నీడలో మార్పు వస్తుందేమో ఇంకొకరిని చూడమనండి. ఎండ నేరుగా లోపలికి వస్తున్నదా, బయట నేల మీద, గోడల మీద పడి ఆ వెలుగు లోపలికి వస్తున్నదా? అన్నీ నోట్సులో గీసుకోవాలి: ద్వారం ఎక్కడ, స్తంభాలెక్కడ, వెలుతురు ఏ పక్క నుంచి.

బడికి వచ్చాక ప్రయోగం. ఖాళీ చెప్పుల డబ్బా తీసుకుని ఒక పక్క మధ్యలో నిలువుగా సన్నని ద్వారం కోయండి. ఎదురుగా ఉన్న లోపలి గోడకు తెల్ల కాగితం అంటించండి. పైమూతలో కన్ను పెట్టి చూడడానికి చిన్న రంధ్రం. ద్వారం ముందు ఎడమ పక్కకు ఒకటి, కుడి పక్కకు ఒకటి తెల్ల చార్టు ముక్కలు ఏటవాలుగా నిలబెట్టండి. ద్వారానికి సరిగ్గా ఎదురుగా మాత్రం నల్ల కాగితం పెట్టాలి. గది కిటికీలు మూసి, టార్చి వెలుగు ఆ రెండు తెల్ల ముక్కల మీద పడేలా పై నుంచి వేయండి. ఎడమ ముక్క మీది వెలుగు ద్వారంలోంచి లోపలి గోడకు కుడివైపున పడుతుంది. కుడి ముక్కది ఎడమవైపున పడుతుంది. మధ్యలో నిలువుగా చీకటి పట్టీ మిగులుతుంది. ఇప్పుడు టార్చిని తూర్పు నుంచి పడమరకు సూర్యుడిలా మెల్లగా తిప్పండి. పట్టీ కొంచెం ముదురో లేతో అవుతుంది కానీ చోటు మారదు, ఎందుకంటే దాని చోటును నిర్ణయించేది తెల్ల ముక్కలున్న స్థానం. టార్చి వాటిని వెలిగిస్తుందంతే.

గుడిలోనూ ఇలాగే జరుగుతున్నదా అని అప్పుడు అడగండి. గుడిలో తెల్ల ముక్కల పాత్ర దేనిది? నల్ల కాగితం పాత్ర దేనిది? నోట్సులో గీసుకున్న ప్లాను తీసి పిల్లలు వాదించుకోవాలి. డబ్బా ముందు చాక్‌పీసులను స్తంభాల్లా నిలబెట్టి ఒక్కోటి జరుపుతూ మళ్ళీ చూడాలి. ఈ వాదన రెండు పీరియడ్లు పట్టినా నష్టం లేదు. కాంతి రుజుమార్గంలో ప్రయాణించడం, పరావర్తనం, ప్రచ్ఛాయ (పూర్తి నీడ), ఉపచ్ఛాయ (పాక్షిక నీడ) అన్నీ ఇందులోనే అయిపోతాయి. 12వ శతాబ్దం నాటికే వెలుతురును అంత తెలిసి వాడుకున్న శిల్పుల మీద పిల్లలకు గౌరవం కూడా పెరుగుతుంది.

లెక్కలకు రాయి, సీసం, సోల

గుడి కప్పు కింద పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టొచ్చా? నేనైతే పడుకోబెడతాను. మన ప్రాంతపు పాత మండపాలు చాలావాటిలో కప్పు నాలుగు మూలలా మూల రాళ్ళు పెట్టి, చతురస్రంలో తిరగేసిన చతురస్రం, దాంట్లో ఇంకోటిగా పేర్చి ఉంటుంది. నిలబడి తల ఎత్తితే మెడ నొప్పి, పడుకుంటే పదిహేను నిమిషాలు హాయిగా చూడొచ్చు. బడికొచ్చాక చతురస్రాకారపు కాగితం ఇచ్చి నాలుగు మూలలనూ మధ్య బిందువుకు మడవమనండి. వచ్చిన చతురస్రం వైశాల్యం సరిగ్గా సగం. మళ్ళీ మడిస్తే పావు, మళ్ళీ మడిస్తే అరపావు. 8 అడుగుల భుజమున్న చతురస్రం 64, 32, 16, 8 చదరపు అడుగులుగా తగ్గుతుంది. మరి భుజం ఎంతవుతుంది? రెండో చతురస్రం భుజం 32 వర్గమూలం. కరణీయ సంఖ్యలంటే భయపడే తొమ్మిదో తరగతి పిల్లల చేతిలో కాగితంగా ఉంది ఆ సంఖ్య. పదో తరగతికైతే ఇదే గుణశ్రేఢి.

ఇంట్లో నానమ్మను అడిగి పాత కొలతలు రాసుకురమ్మనండి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఇదీ రెట్టింపుల లెక్కే. కొందరి ఇళ్ళలో ఇత్తడి సోల ఇంకా ఉంటుంది. తెప్పించి తరగతిలో బియ్యంతో కొలిపించండి.

ఫణిగిరిలో 2024లో ఒక మట్టి కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల కాలం నాటివి. ఒక పక్క ఏనుగు, ఇంకో పక్క ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు నాలుగు చివర్లా నాలుగు వలయాలు). సగటున ఒక్కోటి 2.3 గ్రాములు. మొత్తం బరువెంత? 8,579 గ్రాములు, అంటే ఎనిమిదిన్నర కిలోల పైమాటే. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు. కాబట్టి ఆ సీసమంతా కరిగిస్తే సుమారు 757 ఘన సెంటీమీటర్లు, ముప్పావు లీటరు చెంబు నిండుతుంది. మరి నాణేలుగా పోస్తే అదే చెంబులో పడతాయా? పట్టవు. ఎందుకని? ఇంట్లో చిల్లర నాణేలతో చేసి చూపించమనండి. ఇంత జరిగాక సోషల్ పీరియడ్‌లో నేను అడిగేది వేరు: ఎవరు దాచి ఉంటారు, ఎందుకు తిరిగి రాలేదు? బంగారం కాకుండా సీసంతో నాణెం ఎందుకు? సంతలో చిన్న కొనుగోళ్ళకు చిన్న నాణెం కావాలన్న సమాధానం పిల్లల నుంచే వస్తుంది, వాళ్ళూ ఆదివారం అంగడికి వెళ్తారు కాబట్టి.

సోషల్: నీళ్ళ కింద ఊళ్ళు

కూడవెల్లి సంగమేశ్వరాలయం ఒకప్పుడు కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోతుందని రాయి రాయీ విప్పి అలంపురం తెచ్చి మళ్ళీ కట్టారు. నాగార్జునకొండ కథ కూడా అలాంటిదే. సాగర్ నీళ్ళు రాకముందు లోయలో తవ్వకాలు జరిపారు. దొరికినవాటిని, కొన్ని కట్టడాలను గుట్ట మీదికి చేర్చారు. నీళ్ళొచ్చాక ఆ గుట్టే దీవి అయింది.

రాయిని విప్పి మళ్ళీ పేర్చడాన్ని పిల్లలతో చేయించండి. అట్టముక్కలతో చిన్న మండపం కట్టి, ప్రతి ముక్క మీద నంబరు వేసి, విప్పి, ఇంకో గ్రూపుకు ఇచ్చి కట్టమనాలి. ఏ నంబరింగ్ పద్ధతి పని చేస్తుందో, ఏది గందరగోళమవుతుందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. వరుస సంఖ్య ఒక్కటే చాలదు, ఏ పక్క, ఏ వరస, ఏది పైవైపు అన్నీ రాయాలి. నిరూపక జ్యామితి చెప్పే సార్ ఇక్కడి నుంచి అందుకోవచ్చు.

నాకైతే ఈ పాఠంలో అసలు విషయం మనుషులు. గుళ్ళను జాగ్రత్తగా మోసుకొచ్చారు, మరి ఊళ్ళు? మన జిల్లాల్లో ముంపు కుటుంబాలు ఎన్నో. పిల్లల ఇళ్ళలోనే తాతలు ఉంటారు. ఇల్లు వదిలేటప్పుడు వెంట తెచ్చుకున్న ఒక వస్తువు గురించి తాతను అడిగి రాసుకురమ్మనండి. ఆ జవాబులను నేను దిద్దను, మార్కులు వేయను. రాసినవాళ్ళు చదవాలనుకుంటే తరగతిలో చదువుతారు.

తెలుగు, ఇంగ్లీషు

తెలుగు మేడం చేసే పని నాకు చాలా ఇష్టం. ఇద్దరిద్దరుగా కూర్చోబెడతారు. ఒకరు శిల్పం వైపు, ఒకరు దానికి వీపు పెట్టి. చూస్తున్నవాళ్ళు వర్ణించాలి, చూడనివాళ్ళు విని బొమ్మ గీయాలి. "చేయి పైకెత్తింది" అంటే చాలదు. ఏ చేయి, మోచేయి ఎటు వంగింది, వేళ్ళు ఎలా ఉన్నాయి? వర్ణన పాఠం ఎందుకో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది. ఊరి పొలిమేరలో వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలబెట్టిన రాయి) ఉంటే మ్యూజియం దాకా కూడా పోనక్కర్లేదు. ఆ వీరుడి గురించి అతని తల్లి చెప్పినట్టు, గుర్రం చెప్పినట్టు, అతని మీదికి వచ్చిన శత్రువు చెప్పినట్టు మూడు గ్రూపులు మూడు కథలు రాస్తాయి.

సాలార్‌జంగ్ వెళ్ళినవాళ్ళు ఇంగ్లీషుకు రెండు శిల్పాలు పెట్టుకోండి. ఇటలీ శిల్పి బెంజోని పాలరాతిలో చెక్కిన ముసుగు రెబెక్కా ఒకటి. రాయి పల్చని బట్టలా ఎలా కనిపిస్తున్నదో చెప్పడానికి విశేషణాలు కావాలి. ఎన్ని కావాలో అన్నీ అక్కడే పుడతాయి. ఇంకోటి ఒకే చెక్కలో ముందు మెఫిస్టోఫెలిస్, వెనక మార్గరెట్టా ఉన్న శిల్పం. వెనక అద్దం పెట్టి ఉంటుంది. జర్మన్ రచయిత గోథే నాటకం ఫౌస్ట్‌లోని సైతాను, ఒక అమాయకపు అమ్మాయి పాత్రలు ఇవి. ఒకరికొకరు వీపు చేసి ఉన్న ఆ ఇద్దరూ మాట్లాడుకుంటే ఏమంటారో పది వాక్యాల సంభాషణ. గడియారం దగ్గర గుంపు ఎక్కువ, అక్కడ పాఠం పెట్టుకోకండి. గంట కొట్టేటప్పుడు చూపించి తీసుకొచ్చేయండి.

కెమిస్ట్రీ వాళ్ళకు అదే మ్యూజియంలో బిద్రీ గది ఉంది. జింకు ఎక్కువ, రాగి తక్కువ కలిసిన మిశ్రమ లోహంలో వెండి పొదుగుతారు. చివర్లో బీదరు కోట మట్టిని నవాసారం (అమ్మోనియం క్లోరైడ్) నీళ్ళతో కలిపి పూస్తే మిశ్రమ లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. ఎందుకని? లోహాల చర్యాశీలత పాఠం అదే.

పిల్లలమర్రిలో జీవశాస్త్రం

సుమారు 700 ఏళ్ళ మర్రి. ఊడలు నేలకు దిగి కాండాలై మోస్తుంటే తల్లి కాండం ఏదో తేల్చడమే కష్టం. చెదలు పట్టి కొమ్మలు కూలితే, 2018లో మనుషులకు సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి చుక్కలు చుక్కలుగా మందు ఎక్కించారు. పిల్లలకు ఇది ఒక్కసారి చెబితే చాలు, ప్రశ్నలు ఆగవు. మందు ఏ దారిన పోతుంది? నీళ్ళు మోసే దారువా, ఆహారం మోసే పోషక కణజాలమా? ఊడకు వేరుకు తేడా ఏమిటి? మ్యూజియంలో పిల్లలు శిల్పాల మీద చెక్కిన తీగలు, ఆకులు గీసుకుని, బయట నిజం ఆకులతో పోల్చాలి. శిల్పి ఏది ఉన్నదున్నట్టు చెక్కాడు, ఏది మార్చాడు?

బయల్దేరే ముందు, తిరిగొచ్చాక

మన దగ్గర చాలా మ్యూజియంలకు శుక్రవారం సెలవు. బస్సు మాట్లాడకముందే ఫోన్ చేసి సెలవు రోజు, టికెట్, కెమెరా నిబంధనలు కనుక్కోండి. తల్లిదండ్రుల అనుమతి పత్రాలు, హెచ్‌ఎం గారి ద్వారా పై అధికారులకు లేఖ, ఫస్ట్ ఎయిడ్ డబ్బా. మధ్యాహ్న భోజనం వండే అక్కలకు రెండు రోజుల ముందు లెక్క చెబితే పులిహోర కట్టిస్తారు. బాత్రూంలు ఎక్కడున్నాయో మీరు ముందు వెళ్ళినప్పుడే చూసి రండి. ఆడపిల్లలకు అది దొరక్కపోతే వాళ్ళకు ఆ రోజంతా టెన్షనే, ఏ శిల్పమూ కనిపించదు. పెన్నులు వద్దు, పెన్సిళ్ళే. అరవై మందిని ఒకేసారి తీసుకెళ్ళకండి. పదిహేను మందికి ఒక టీచరు ఉండాలి. అంతమంది లేకపోతే ఒక్కో సెక్షన్‌ను ఒక్కో రోజు తీసుకెళ్ళండి.

తిరిగొచ్చిన వారంలోపే అన్ని సబ్జెక్టుల వాళ్ళూ తమ ఒక్క ప్రశ్నను తరగతిలో ఎత్తాలి. ఆలస్యమైతే చూసింది చల్లారిపోతుంది. పిల్లల బొమ్మలు, మడిచిన కాగితాలు, కథలు ఒకే గోడ మీద ఒకే శిల్పం ఫోటో చుట్టూ అంటించండి. వీటిని ఎఫ్‌ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు పనికి లెక్కేయొచ్చు. కొత్తగా ఇంకో రికార్డు రాయించే పని తప్పుతుంది. తర్వాత తరగతి గదిలోనే ఒక బల్ల మీద చిన్న మ్యూజియం పెట్టించండి: ఇంటి నుంచి తెచ్చిన కవ్వం, సోల, ఇసుర్రాయి పిడి, పాత తాళం. ప్రతిదానికీ పిల్లలే మూడు వాక్యాల బోర్డు రాయాలి. ఏమిటిది, ఎవరు వాడారు, దీన్ని చూస్తే ఏం తెలుస్తుంది. కింది తరగతుల వాళ్ళు చూడడానికి వస్తే వివరించేది మీ ఎనిమిదో తరగతి వాళ్ళే, మీరు పక్కన నిలబడండి.

నవంబరు నుంచి జనవరి దాకా మంచి సమయం. పదో తరగతి వాళ్ళను డిసెంబరు దాటనివ్వకండి, తర్వాత స్పెషల్ క్లాసుల్లో పడతారు. మార్చి వచ్చిందంటే పానగల్ రాతి బండల మీద చెప్పుల్లేకుండా పదకొండు తర్వాత కాలు పెట్టలేరు, కాబట్టి ఎండాకాలం తప్పనిసరైతే పొద్దున ఏడున్నరకే గుడి చేరేలా బస్సు మాట్లాడుకోండి.